ఇంట్లో చదివే పిల్లలకు ఆన్‌లైన్ బీజగణితం: కోర్సు ఎలా ఎంచాలి?



విద్యానిధికి చందా ఇచ్చే సోదరులు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "బడికి పోలేని పిల్లలకు లెక్కల యాప్ ఒకటి కొని ఇస్తే సరిపోదా? డబ్బు మేమిస్తాం కదా!" మంచి మనసుతో అడిగే మాటే. కానీ ఏ పిల్లకు ఏ కోర్సు, ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలి అన్నది తేల్చుకోకుండా కొన్నది నెల తిరక్కుండానే ఫోన్‌లో మూలపడుతుంది. బీజగణితం విషయంలో ఇది మరీ నిజం. అందుకే కోర్సు ఎంపికలో మేము ఏమేం చూస్తామో ఇక్కడ వివరిస్తున్నాం.

మా దగ్గరికి వచ్చే ఇంటి చదువుల పిల్లలు ముఖ్యంగా రెండు రకాలు. హైస్కూలు దూరమనో, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకోవాలనో ఏడు, ఎనిమిది తరగతుల దగ్గర ఆగిపోయిన ఆడపిల్లలు ఒకరు. మదర్సాలో హిఫ్జ్ పూర్తిచేసి పద్నాలుగు, పదిహేనేళ్లకు ఇంటికి వచ్చిన మగపిల్లలు మరొకరు. ఇద్దరికీ దారి ఒకటే, ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు. గణితం తప్పనిసరి కాదు. అందుకే చాలామంది భయపడి దాన్ని వదిలేసి, సులువైన సబ్జెక్టులతో గట్టెక్కుతారు. సర్టిఫికెట్ వస్తుంది. పాలిటెక్నిక్‌లో చేరాలనుకున్న రోజున అసలు సంగతి బయటపడుతుంది. పాలిసెట్ రాయాలంటే పదో తరగతిలో గణితం చదివి ఉండాలి. ఆ పరీక్షలో అత్యధిక మార్కులు కూడా గణితానివే. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న ఆ ఒక్క నిర్ణయంతో డిప్లొమా దారి మూసుకుపోతుంది. బీజగణితం కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

కోర్సు చూడటానికి ముందు పిల్లను చూడాలి. మేము ఒక కాగితం మీద పది చిన్న లెక్కలు ఇస్తాం. −7కు 3 కలిపితే ఎంత? 5లోంచి −2 తీసేస్తే ఎంత? మూడింట రెండు వంతులు, నాలుగింట ఒక వంతు కలిపితే ఎంత? బ్రాకెట్ విప్పడం, నిష్పత్తి, శాతం, ఇలాంటివే తక్కినవి. బీజగణితం రావడం లేదని చెప్పుకునే పిల్లల్లో చాలామందికి నిజానికి రానివి భిన్నాలు, రుణ సంఖ్యలు. అలాంటి పిల్లకు "నలభై రోజుల్లో పదో తరగతి" కోర్సు కొనిపెట్టడం అంటే పునాది లేని గోడకు సున్నం కొట్టడమే. ఆమెకు ఆరో తరగతి పాఠాలు కావాలి. ఆ మాట తల్లిదండ్రులకు చెప్పడం కొంచెం కష్టం, చెప్పక తప్పదు.

తర్వాత భాష. ఉర్దూ మీడియంలో చదివిన అమ్మాయికి సమీకరణం అంటే తెలియదు, మసావాత్ అంటే తెలుసు. చరరాశి అనే మాట ఆమె ఎన్నడూ విని ఉండదు. ఇంగ్లిష్ వీడియోలో 'వేరియబుల్' అంటారు. లెక్క వచ్చినా మాట దగ్గరే ఆగిపోతుంది. అందుకని మొదటి వారం పాఠమేమీ పెట్టం. నోటుబుక్‌లో మూడు గళ్లు గీయించి ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మాటలు పక్కపక్కన రాయిస్తాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌లో ఉంటుంది.

ఇక కోర్సు మంచిదా కాదా ఎలా తెలుస్తుంది? బీజగణితం పుట్టుకే దీనికి జవాబు చెబుతుంది. బగ్దాద్‌లో ఖలీఫా మామూన్ కాలంలో, సుమారు 820 ప్రాంతంలో, ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్‌ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని 'అల్‌జబ్ర్' అనే మాటే ఆల్జీబ్రా అయింది. సభల్లో ఈ సంగతి గర్వంగా చెప్పుకుని, చప్పట్లు కొట్టి, అక్కడే ఆగిపోతుంటాం. ఆ మాట అర్థం కూడా పిల్లలకు చెబితే బాగుండును. జబ్ర్ అంటే తగ్గినదాన్ని పూడ్చడం. ముఖాబలా అంటే రెండు వైపులా ఉన్న ఒకే రకం వాటిని ఎదురెదురుగా పెట్టి కొట్టేయడం. ఒక సంఖ్యలోంచి 5 తీస్తే 12 మిగిలింది అనుకోండి. తగ్గిన 5ను రెండు వైపులా పూడిస్తే సంఖ్య 17. మన ట్యూషన్లలో దీన్నే "అవతలికి పంపితే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టిస్తారు. ఎందుకు మారుతుందో అడిగితే జవాబుండదు. కోర్సులోని ఉచిత పాఠం ఒకటి పెట్టి చూడండి. ఆ 'ఎందుకు' చెప్పకపోతే, బొమ్మలు ఎంత అందంగా కదిలినా ఆ కోర్సు వద్దు.

రెండో పరీక్ష మాటల లెక్క. అల్‌ఖ్వారిజ్మీ తన పుస్తకంలో గుర్తులు వాడలేదు, అంతా మాటల్లోనే రాశాడు. అందులో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ పంపకాల లెక్కలకే కేటాయించాడు. మేమూ పిల్లలకు అలాంటిదే ఇస్తాం. ఒక మనిషి చనిపోయాడు. అప్పులు, వసియ్యత్ తీరగా 8 లక్షలు మిగిలాయి. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే లక్ష. మిగిలిన 7 లక్షల్లో కూతురి వాటా ఒక పాలు అనుకుంటే కొడుక్కి రెండు పాళ్లు, ఇద్దరు కూతుళ్లకు రెండు పాళ్లు, మొత్తం నాలుగు. ఒక పాలు 1 లక్షా 75 వేలు. కొడుకు వాటా 3 లక్షలా 50 వేలు. ఈ లెక్క వేసిన అమ్మాయికి సమీకరణంతో పాటు తన హక్కు ఎంతో కూడా తెలుస్తుంది. కథను సమీకరణంగా మార్చడం నేర్పే కోర్సులు తక్కువ. సిద్ధంగా ఇచ్చిన సమీకరణాన్ని సాధించడం నేర్పేవే ఎక్కువ.

హిఫ్జ్ చేసిన పిల్లల సంగతి వేరు. వారి జ్ఞాపకశక్తి గొప్పది, అల్‌హమ్దులిల్లాహ్. సూత్రాలన్నీ రెండు రోజుల్లో అప్పజెప్పేస్తారు. లెక్కలో అంకె స్థానం మారితే మాత్రం ఆగిపోతారు. అయితే వారికి మరెవరికీ లేని ఒక అలవాటు ఉంది. రోజూ కొత్త సబక్, దాంతోపాటు సబక్‌పారా, ఆపైన పాత ఆముఖ్తా వినిపించడం. బీజగణితం కోర్సులోనూ ఈ మూడూ ఉండాలి. కొత్త పాఠం, నిన్నమొన్నటి పాఠాల అభ్యాసం, నెల కిందటి లెక్కలు మళ్లీ. వీడియో తర్వాత వీడియో వస్తూ వెనక్కి చూడని కోర్సు పరీక్ష నాటికి ఏమీ మిగల్చదు.

ఖర్చు సంగతి. డబ్బు పెట్టకుండా దొరికేవే చాలా ఉన్నాయి. ఖాన్ అకాడమీ లాభాపేక్ష లేని సంస్థ. అందులో పాఠాలు, అభ్యాసాలు ఉచితం, తప్పు చేస్తే మెట్టు మెట్టుగా చూపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్‌తో పాఠం తెరవవచ్చు. స్వయం వేదికలో ఓపెన్ స్కూల్ కోర్సులున్నాయి. ఓపెన్ స్కూల్ పరీక్ష రాసే పిల్లకు ఆ సిలబస్‌కు దగ్గరగా ఉన్నదే ముందు చూడాలి. భిన్నాల దగ్గర ఉన్న పిల్లకు ఖాన్ అకాడమీ కింది తరగతులు మేలు. అన్నిటికీ ఒకే కోర్సు అనే పట్టుదల మాకు లేదు.

డబ్బు కట్టే కోర్సుల విషయంలో జాగ్రత్త. ఇంటికి వచ్చి ఉచిత డెమో అంటారు, పిల్లవాడి ముందే తండ్రిచేత సంతకం పెట్టిస్తారు. కిస్తీలన్నది నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు. వడ్డీ అందులోనే దాగి ఉండవచ్చు. ఉచితమన్న మాట నమ్మి ఖాతా నుంచి దానంతటదే సొమ్ము పోయే ఏర్పాటుకు ఒప్పుకోవద్దని, తెలియకుండా అప్పు పత్రాల మీద సంతకం చేయవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. ఎవరైనా మా సలహా అడిగితే, సంతకం ముందు కాగితాలు మాకు చూపమంటాం.

మరో చిన్న సంగతి. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది తండ్రితో పనికి పోతుంది. ఇషా నమాజు తర్వాతే పిల్ల చేతికి వస్తుంది. కాబట్టి పాఠం ముందుగా డౌన్‌లోడ్ చేసుకునే వీలుండాలి, లెక్కలు కాగితం మీద చేసేలా ఉండాలి. ఫలానా సమయానికే హాజరు కావాలనే లైవ్ క్లాసులు మన ఇళ్లకు కుదరవు.

ఇన్ని చూసి ఎంచినా, నోటుబుక్ చూసే మనిషి లేకపోతే ఏ కోర్సూ నిలవదు. జవాబు తప్పని యాప్ చెబుతుంది. మూడో వరుసలో రుణ గుర్తు మరిచిపోయిందని ఎర్ర పెన్నుతో చూపేది మనిషే. వారానికి రెండు గంటలు చాలు. ఆడపిల్లలకు టీచరమ్మ అయితే ఇంట్లోవాళ్లు నిశ్చింతగా పంపుతారు. డిగ్రీ, బీఈడీ చదివే మన ఆడపిల్లలకే ఈ పని గౌరవ వేతనంతో ఇస్తే వారి ఫీజుకూ ఆసరా అవుతుంది. ట్యాబ్ ఇస్తే ఫోటో బాగా వస్తుంది, నిజమే. అదే సొమ్ముతో ఒక టీచరమ్మకు నెలల తరబడి వేతనం ఇవ్వవచ్చు.

ఇక్కడ దాతలు ఒకటి గమనించాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము హక్కుదారుకు సొంతం కావాలి, దీన్నే తమ్లీక్ అంటారు. అందువల్ల టీచరమ్మ వేతనం జకాత్ పద్దు నుంచి ఇవ్వం. అర్హులైన పిల్లల పరీక్ష ఫీజు, పుస్తకాలకు జకాత్ సొమ్ము వారి చేతికే ఇస్తాం. వేతనాలు లిల్లాహ్, సదఖా పద్దుల నుంచే రావాలి. రసీదు రాయించేటప్పుడు ఏ పద్దో చెప్పండి. డబ్బుకు బదులు సమయం ఇవ్వగల రిటైరైన లెక్కల మాస్టార్లు ఉంటే, ఆదివారం అసర్ తర్వాత ఒక గంట నోటుబుక్కులు దిద్దడానికి పేరు ఇవ్వండి. ఎర్ర పెన్నులు మేమే ఇస్తాం, ఇన్‌షా అల్లాహ్.