చిన్నారి చేతికి ఏమిద్దాం?

సెలవులు మొదలైతే గోదావరి తీరపు ఊళ్ళలో తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా గారూ, పిల్లవాడి చేతిలో ఫోను తీసేసుకున్నాం. బదులుగా ఏమివ్వమంటారు?" రంగుల పెట్టెలు కొనాలంటే కొందరికి ఖర్చు అడ్డు. మరికొందరికి బొమ్మలు వేయడం ధర్మసమ్మతమేనా అన్న సందేహం అడ్డు. చివరకు ఫోనే తిరిగి పిల్లవాడి చేతికి చేరుతోంది.

ముందుగా సందేహం సంగతి. ప్రాణుల రూపాలు చిత్రించడంపై హదీసుల్లో కఠినమైన హెచ్చరికలున్నాయి. అయితే చిత్రలేఖనమే జీవనోపాధి అయిన ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని దారి చూపిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్నట్లు కూడా హదీసులు తెలుపుతున్నాయి. కనుక "వద్దు" అని చెప్పి ఊరుకోవడం చాలదు. ఏది చేయవచ్చో చూపించడం కూడా పెద్దల బాధ్యతే.

ఇంటి కలం, ఇంటి సిరా

దివ్యఖుర్ఆన్‌లో 68వ సూరా పేరే 'అల్ ఖలమ్'. దాని మొదటి ఆయతులోనే కలంపై ప్రమాణం ఉంది. ఆ కలాన్ని ఇంట్లోనే తయారు చేయవచ్చు. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు గల ఎండు వెదురు పుల్ల కొనను ఏటవాలుగా చెక్కి, నడుమ సన్నని చీలిక పెడితే చాలు. చెక్కే పని పెద్దలదే. సిరాకు నూనె దీపపు మసి, నీళ్ళలో నానబెట్టిన తుమ్మబంక సరిపోతాయి. పొడి మసి గాలికి లేస్తుంది కనుక తడిపి కలిపిన తరువాతే పిల్లల ముందు పెట్టాలి.

ఈ కలంతో ఒత్తితే పలకలుగా చుక్క పడుతుంది. బాగ్దాదులో మంత్రిగా పనిచేసిన ఇబ్నె ముఖ్లా (మరణం 940) ఆ చుక్కనే కొలతగా తీసుకుని అక్షరాల నిష్పత్తులను స్థిరపరిచాడు. అలిఫ్ పక్కన చుక్కలు పేర్చి ఎత్తు కొలిచే పిల్లవాడు కళతోపాటు లెక్క కూడా నేర్చుకుంటాడు. ఆయతులు, దైవనామాలు రాసిన కాగితాలు కాళ్ళ కింద పడకూడదు కనుక సాధనకు విడి అక్షరాలే మేలు. తెలుగు అక్షరాలనూ ఇదే కలంతో దిద్దించవచ్చు.

మన నేల ఇచ్చిన సరంజామా

కోనసీమలో కొబ్బరాకు, ఈనెలు, చిప్పలు, పీచు ఏ పెరటిలోనైనా దొరుకుతాయి. ఆకుతో బూర, గాలిమర, చేతి గడియారం చేయడం మన దాదీలకు, నానీలకు తెలిసిన విద్యే. వారినే గురువులుగా కూర్చోబెట్టండి. బంకమన్నును పెద్దలే తెచ్చివ్వాలి. దానికోసం పిల్లలను కాలువ గట్టుకు ఒంటరిగా పంపరాదు. నరసాపురం ప్రాంతపు ఇళ్ళకు క్రోషియా సూది కొత్త కాదు. అక్కడి లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తల్లి అల్లగా మిగిలిన దారంతో ఎనిమిదేళ్ళ పిల్ల గొలుసు కుట్టు నేర్చుకోగలదు.

వంటింటి పసుపును నీళ్ళలో కలిపి కాగితానికి పూసి ఆరబెట్టండి. దానిపై సబ్బు నీళ్ళతో గీసిన గీత ఎర్రగా మారుతుంది. ఇక వృత్తలేఖినితో వృత్తం గీసి, అదే కొలతతో అంచు వెంట గుర్తులు పెడితే సరిగ్గా ఆరు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే ఆరు కోణాల నక్షత్రం ఏర్పడుతుంది. మసీదుల జాలీలలో కనిపించే నక్షత్రాల అల్లికలకు ఇది తొలి మెట్టు.

కొనవలసినవి కొద్దే: తెల్లకాగితాలు, మొద్దు కొనల కత్తెర, జిగురు, జామెట్రీ బాక్సు. వీటన్నిటినీ పిల్లలకు అందేచోట ఒక బుట్టలో ఉంచండి. పూసలు, గింజలు మాత్రం పసివాళ్ళకు దూరంగా ఉండాలి. వారు నోట్లో పెట్టుకుంటారు. అస్ర్ నమాజు తరువాత ఒక గంట ఫోన్లు పక్కన పెట్టి, మీరూ వారి పక్కన కూర్చోండి. వంకర గీతలను సరిదిద్దే తొందర వద్దు. పని ముగిశాక కలం కడగడం, నేల తుడవడం వారిచేతే చేయించండి. సంతానం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆ గంట సమయాన్ని వారికి కేటాయించడం కూడా ఆ అమానతును కాపాడుకోవడంలో భాగమే.