తీరిక వేళ ఎవరిది?

విద్యార్థులారా, కలిసి కాలక్షేపం చేసే భార్యాభర్తలు ఎక్కువ సంతోషంగా ఉంటారని మనం తేలిగ్గా అనేస్తాం. అయితే కలిసి గడపడం వల్ల సంతోషం కలుగుతోందా, లేక సంతోషంగా ఉన్నారు కనుక కలిసి గడుపుతున్నారా? దంపతులను ఒక్కసారి ప్రశ్నించినంత మాత్రాన ఈ చిక్కుముడి విడదు.

దీన్ని విప్పడానికి ఒక మార్గం ప్రయోగం. అమెరికాలో రైస్‌మన్, ఏరన్, బెర్గెన్ అనే పరిశోధకులు 53 జంటలపై చేసిన ప్రయోగాన్ని 1993లో ప్రచురించారు. కొన్ని జంటలు పది వారాలపాటు, వారానికి గంటన్నర చొప్పున, తమకు ఉత్సాహం కలిగించే పనులు కలిసి చేశాయి. మరికొన్ని కేవలం హాయిగా అనిపించే పనులు చేశాయి. మొదటి వర్గంలోనే దాంపత్య సంతృప్తి ఎక్కువగా పెరిగింది. సమయం ఇద్దరికీ సమానమే. తేడా ఆ సమయాన్ని దేనితో నింపారన్న దాంట్లోనే ఉంది.

మరి ఆ పని ఎవరి ఇష్టం? నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న. క్రాఫర్డ్, హ్యూస్టన్ తదితరులు కొన్ని జంటలను ఏళ్ల తరబడి గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. భర్తకు నచ్చి భార్యకు నచ్చని కాలక్షేపాలు, అతను ఒంటరిగా చేసినా ఆమెను వెంటబెట్టుకుని చేసినా, భార్య అసంతృప్తికి కారణమూ అయ్యాయి, దాని ఫలితమూ అయ్యాయి. అంటే పక్కన కూర్చున్నంత మాత్రాన సాహచర్యం కాదన్నమాట.

అమెరికా ఫలితాలను ఉన్నవి ఉన్నట్లుగా మన ఉమ్మడి కుటుంబాలకు అతికించకూడదు, నిజమే. కానీ మన లెక్కలూ ఆలోచింపజేసేవే. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 88 నిమిషాలు వెచ్చించారు.

ఒక ఆదివారాన్ని ఊహించుకోండి. టీవీలో క్రికెట్ వస్తోంది. ఇంటాయన, మిత్రులు ముందుగదిలో ఉన్నారు. ఇల్లాలు వేడివేడి బజ్జీలు తెచ్చి, స్కోరెంతని అడిగి, మళ్లీ పొయ్యి దగ్గరకు వెళుతోంది. సాయంత్రం అడిగితే ఆయన "ఇద్దరం మ్యాచ్ చూశాం" అంటాడు. అబద్ధమాడాలని కాదు, ఆయనకు అలాగే గుర్తుంటుంది.

ఈ వారం మీ ఇంట్లో పెద్దల తీరిక వేళను ఒక కాగితంపై రాయండి. ఎవరు ఎంతసేపు, ఏం చేశారు, అది ఎవరు ఎంచుకున్నారు? మూడో గడిని నింపేముందు వారిద్దరినీ విడివిడిగా అడగండి.