ఎండ ఎక్కువైన చెట్టు ఎక్కువ పెరుగునా?

2016 వరకు ఖమ్మం జిల్లాలో నుండి, నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన దమ్మపేట ప్రాంతమున నాటిన అడవు లనగా ముఖ్యముగా టేకు, జామాయిల్. జామాయిల్ కర్రకు సారపాకలోని కాగితపు మిల్లు గిరాకి కలదు. నాలుగైదేండ్లకే నరుకు తోట కనుక ఒక్క యేడు ఎదుగుదల తగ్గినను రైతుకు నష్టమే. మనకు ఎండకు కొదవ లేదు. ఆకు ఆహారము తయారగునది ఎండవల్లనే. కాబట్టి వేసవిలో చెట్టు మిక్కిలిగా పెరుగవలెను గదా! అట్లు జరుగదు.

ఆకులోని పత్రహరితము సూర్యకాంతిని గ్రహించును. ఆ శక్తితో, వేరు తెచ్చిన నీటినుండియు గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండియు చక్కెర తయారగును. ఇదియే కిరణజన్య సంయోగక్రియ. కర్ర యంతయు ఈ చక్కెర ఫలమే. వాయువు లోనికి వచ్చు వాకిళ్లు ఆకుపైనున్న పత్రరంధ్రములు. చిక్కేమనగా, ఆ వాకిలి గుండనే లోపలి తేమ బయటకు పోవును. బొగ్గుపులుసు వాయువు అణువు నొకదానిని సంపాదించుటకు ఆకు కొన్ని వందల నీటి అణువులను పోగొట్టుకొనును.

ఇక గాలి దాహము చూడుడు. ఘనమీటరు గాలి 30 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 40 డిగ్రీల వద్ద 51 గ్రాములు. వానకాలమున 30 డిగ్రీల గాలిలో తేమ నూటికి 70 వంతు లున్నచో, అది ఇంకను పీల్చగలది 9 గ్రాములు. మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీల గాలిలో తేమ 20 వంతులే యున్నచో, పీల్చగలది 41 గ్రాములు. నాలుగు రెట్లకు పైమాట! వేళ్లు అంత వేగముగా నీరందింపలేవు. అందుచే రక్షకకణములు సడలి రంధ్రములు మూసికొనును. నీరు నిలుచును, చక్కెర తయారీయు నిలుచును. ఆకు పనిచేయునది ఉదయపు కొన్ని గంటలే.

టేకు ఈ తగవే పెట్టుకొనదు. వేసవికి ముందే ఆకు రాల్చి, వానలతో చిగుర్చును. జామాయిల్ ఆకును నిలుపుకొనును గాని, దానిని నిలువుగా వ్రేలాడదీసి నడినెత్తి ఎండకు అంచును మాత్రమే చూపును.

వేడివలన వేరొక నష్టము కలదు. బొగ్గుపులుసు వాయువును పట్టు ఎంజైము ఉష్ణోగ్రత హెచ్చినకొలది పొరబడి ప్రాణవాయువును ఎక్కువగా పట్టును. రాత్రులు చల్లబడకున్నచో పగటి చక్కెర శ్వాసక్రియలో మరింత ఖర్చగును.

కావున చెట్టు సంపాదన వానలనాటిది. జులై, ఆగస్టులలో మబ్బు కాంతిని తగ్గించినను, చెదరిన వెలుగు క్రింది ఆకులకును అందును. అక్టోబరు, నవంబరు నెలలు మరింత మేలు: నేలలో తడి, తేటయైన ఆకాశము, మెత్తని గాలి. మే నెల వడగాలికంటె సెప్టెంబరు వాన తప్పుటయే తోటకు పెద్ద దెబ్బ యని నా అభిప్రాయము.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుచున్నది, చెట్లకు మేలే గదా యని కొందరందురు. హవాయి దీవిలోని మౌనా లోవాపై 1958లో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుండగా, 2024 నాటికి 420 దాటినది. రంధ్రము కొంచెమే తెరచినను వాయువు చాలును. ఆ మేరకు నీరు మిగులును. కాని ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమరనున్న ముదురు యూకలిప్టసు అడవికి అదనముగా 150 పాళ్లు అందించి చూడగా, ఆకులు గ్రహించిన వాయువు నూటికి 12 వంతులు పెరిగినను కర్ర పెరుగలేదని 2020లో ప్రకటించిరి. అచ్చటి నేలలో భాస్వరము కొరత. ఎరువందు మన కుర్రచెట్ల విషయమున ఈ లెక్క కొంత మారవచ్చును.