పిల్లికి మధుమేహము

పిల్లికి చక్కెరజబ్బు వచ్చునా యని కొందఱు నవ్వవచ్చును. మా బాటసింగారమున రచ్చకట్టకడ ఈ ప్రశ్న నన్నడిగినవారు పలువురు గలరు. దీనిని ధనవంతుల వ్యాధి యనుకొను కాలము గతించినది. నేడు మన పల్లెలలో ఈ వ్యాధికి మందు పుచ్చుకొనువారు లేని వీథి యరుదు. కాయకష్టము తగ్గి, తిండి మాఱి, ఒడలు పెరిగినచోట మనుష్యునకేమి వచ్చునో, మనతోపాటు ఇంటిలో కూర్చుండి మనము పెట్టినది తిను పిల్లికిని అదియే వచ్చుచున్నది.

మా యింటి పిల్లి దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగినది. నా కుమారుడు అచ్చట మూడవ అంతస్తున కాపురముండి, ఉద్యోగమునకై దూరదేశమేగుచు దానిని మాకప్పగించెను. అది పదేండ్ల మగపిల్లి. చిన్ననాడే దానికి విత్తులు తీయించిరి. నేలపై తిరిగినది తక్కువ. వేట యన్నదే యెఱుగదు. పళ్లెములో ఎల్లవేళల ఎండుమేత గింజలు, రాత్రి పెరుగన్నము, నడుమ నడుమ పాలు. మా యింటికి వచ్చిననాడు దాని తూకము 7 కిలోలు. గడ్డిఅన్నారమందలి పండ్లమార్కెట్టు 2021-22 ప్రాంతమున మా యూరికి తరలివచ్చినది. పండ్లున్నచోట ఎలుకలుండుట లోకసహజము గనుక మాలో పిల్లికి గౌరవము హెచ్చినది. ఈ పిల్లి మాత్రము ఎలుక యెదురైన ప్రక్కకు తొలగి దారి యిచ్చెడిది.

ఈ వ్యాధికి ఎక్కువగా లోబడునవి ఇట్టివే: వయసు మీఱినవి, ఒడలు బలిసినవి, విత్తులు తీసిన మగపిల్లులు. దురదకును ఉబ్బసమునకును ఇచ్చు స్టెరాయిడ్ మందులవలన గూడ ఇది తలయెత్తవచ్చును. మొదట క్లోమగ్రంథి స్రవించు ఇన్సులినునకు శరీరము సరిగా లొంగదు. పిమ్మట ఆ గ్రంథియే అలసి స్రావము తగ్గును. అప్పుడు రక్తమునందు చక్కెర నిండియుండియు కండల కందదు. చెఱువు నిండియున్నను తూము మూసికొనిపోయినచో పొలమెండునట్లు, పిల్లి తినుచునే చిక్కిపోవును.

గుర్తులలో మొదటిది నీటిగిన్నె. ఉదయమున కొలిచి పోసి, మఱునాడు మిగిలినది కొలిచిన చాలును. పిల్లి తన బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 100 మిల్లీలీటర్లను మించి త్రాగుచున్నచో వైద్యునకు చూపవలయును. మాది 5 కిలోలకు దిగిపోయి, దినమునకు 600 మిల్లీలీటర్లు త్రాగుచుండెను. రెండవది మూత్రము మిక్కుటముగా పోవుట. మన ప్రాచీన వైద్యులు రోగి మూత్రమునకు చీమలు మూగుటను చూచి మధుమేహమును గుర్తించిరి. మా పిల్లి ఇసుకతొట్టిచుట్టును చీమలబారు కనబడినప్పుడు ముందుగా అనుమానించినది నా భార్య. ఆమెకు పదునైదేండ్లుగా ఈ వ్యాధి గలదు. కొన్ని పిల్లులకు వెనుకకాళ్ల నరములు నీరసించి, మునివ్రేళ్లపై నడువవలసినది మడమలు నేల కానించి నడచును. ఈ గుర్తులు చూచి మనమే నిర్ణయించుకొనరాదు. మూత్రపిండముల వ్యాధియందును దాహము హెచ్చును. థైరాయిడ్ గ్రంథి వ్యాధియందును పిల్లి తినుచునే చిక్కును.

ఎల్.బి. నగర్ వైపున నొక పశువైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. అచ్చట నేను తెలిసికొనిన వింత యొకటి గలదు. పిల్లి భయపడినచో దాని రక్తమున చక్కెర అప్పటికప్పుడే పెరుగును. వ్యాధి లేని పిల్లికి గూడ ఆస్పత్రి బల్లపై 300 దాటవచ్చును. కావున ఒక్క పరీక్షతో తేల్చరు. మూత్రములో చక్కెర చూతురు. ఫ్రక్టోసమీను అను పరీక్షచే గడచిన ఒకటి రెండు వారముల సగటు తెలిసికొందురు. మనుష్యునకు రక్తములో చక్కెర 180 దాటిన మూత్రములో దిగును. పిల్లికి 250 మొదలు 300 వఱకు పోయిన గాని దిగదు. మా పిల్లికి రెండు పరీక్షలును వ్యాధినే చెప్పినవి.

ఇంటికి వచ్చిన పిమ్మట రెండు దినములు చర్చ జరిగినది. మార్కెట్టు షెడ్లకడ విడిచిపెట్టుడు, దాని బ్రతుకు అది బ్రతుకునని పొరుగువారనిరి. అది బ్రతుకదు. మందు లేనిచో శరీరము క్రొవ్వును కరగించుకొని, కీటోనులను విషపదార్థములు రక్తమున పేరుకొని, పిల్లి తిండి మాని, వాంతులు చేసికొని, నీరింకి మరణించును. నా భార్య ఒక్కమాట యనెను: "నాకు సూది వేయువారు మీరే గదా. దానికి వేయలేరా?" చర్చ అంతటితో ముగిసినది.

అయితే ఆమె మందు దానికి పనికిరాదు. ఈ విషయమును పెద్దలు శ్రద్ధగా వినవలయునని ప్రార్థన. మన దేశమున ఇన్సులిను ముఖ్యముగా రెండు చిక్కదనములలో దొరకును. ఒకటి మిల్లీలీటరునకు 40 యూనిట్లు, రెండవది 100 యూనిట్లు. దేనికి దాని సిరంజియే వాడవలయును. 40 సిరంజికి సామాన్యముగా ఎఱ్ఱమూతయు, 100 సిరంజికి నారింజవన్నె మూతయు నుండును. 100 యూనిట్ల మందును 40 సిరంజితో 2 గీతలవఱకు లాగినచో లోపలికి పోవునది 2 కాదు, 5 యూనిట్లు. మనుష్యుని దేహము ఆ భేదమునకు ఎట్లో తట్టుకొనవచ్చును. 5 కిలోల పిల్లి తట్టుకొనలేదు. పిల్లికి మొదట సామాన్యముగా పూటకు 1 యూనిట్టుతో ప్రారంభింతురు. నా భార్య వాడునది 40 మందు. పిల్లికి వ్రాసినది గ్లార్జిను, 100 మందు. మా యింట రెండు డబ్బాలు వేఱు వేఱు అలమరలలో నుంచి, పిల్లి డబ్బాపై నా మనుమరాలిచేత పిల్లిబొమ్మ వేయించితిని. చదువరాని పనిమనిషికి గూడ అది తెలియును.

ప్రసంగవశమున ఒక సంగతి. 1921వ సంవత్సరమున టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేఱుచేయగలిగిరి. మఱుసటి సంవత్సరము జనవరిలో ఒక బాలునకు మొదట నిచ్చిరి. పిమ్మట అనేక దశాబ్దములు మనుష్యులు వాడిన ఇన్సులిను ఎద్దుల, పందుల క్లోమములనుండి తీసినదే. పశువుల ఇన్సులినునకును పిల్లి ఇన్సులినునకును గల భేదము ఒక్క అమైనో ఆమ్లము మాత్రమే యట. పశుజాతి మనకిచ్చిన మందును మఱల ఒక జంతువునకిచ్చుట నాకు న్యాయముగనే తోచినది.

సూది వేయుట మనమనుకొనునంత కష్టము కాదు. ప్రొద్దున 7 గంటలకు, రాత్రి 7 గంటలకు. నడుమ పండ్రెండు గంటలు తప్పరాదు. ముందు మేత పెట్టి, తినుట చూచి, పిదప మెడవెనుకనో ప్రక్కటెముకలపైననో తోలు గుడారమువలె ఎత్తి, ఆ మడతలోనికి సన్నని సూదిని పోనిచ్చి మందు వదలవలయును. ప్రతిదినము చోటు కొంచెము మార్చవలయును. పిల్లి కదలి మందు బయట చిందినట్లు అనుమానము కలిగిన, మఱల వేయరాదు. తరువాతి పూటవఱకు ఆగవలయును. ఒక పూట మఱచినను రెండవ పూట రెట్టింపు వేయరాదు. పిల్లి మేత ముట్టనిచో, వాంతి చేసికొనినచో, సూది వేయుటకు ముందే వైద్యునకు ఫోను చేయవలయును. గ్లార్జిను తేటగా నుండును; మబ్బువాఱినది పనికిరాదు. మడ్డిగా నుండు ఇతర రకములలో పెక్కింటిని కుదుపక అఱచేతులనడుమ మెల్లగా దొరలింపవలయును. మందును ఫ్రిజ్జులో నుంచవలయును గాని మంచుగడ్డ కట్టుచోట నుంచరాదు. గడ్డకట్టిన మందు మరల కరగినను నిష్ప్రయోజనము. కరెంటు పోయిన వేసవి దినములలో ఒక కుండలో మఱొక కుండ పెట్టి, నడుమ తడి యిసుక పోసి, లోపలి కుండలో నుంచుట మన పల్లెవారికి తెలిసిన ఉపాయమే. వాడిన సూదులను చెత్తలో పాఱవేయక, మూతగల గట్టి డబ్బాలో చేర్చి ఆస్పత్రి కియ్యవలయును. చెత్త యెత్తువారి చేతులు మన చేతులవంటివే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. చక్కెర హెచ్చుగా నున్నందున పిల్లి ఒక పూటలో చావదు. మందు హెచ్చై చక్కెర పడిపోయినచో గంటలలో చావవచ్చును. క్రొత్తగా సూది నేర్చినవారు అంకె తగ్గలేదని ఆతురపడి ఒక యూనిట్టు పెంచుదురు, ఇంకొకటి పెంచుదురు. మందు శరీరమున కుదురుకొనుటకు వారమైనను పట్టును. పెంచుట వైద్యుని పని. పిల్లి తూలుచు నడచినను, వణకినను, పిచ్చిచూపు చూచినను, ఊరక మూలను పడియున్నను, చక్కెర పడిపోయినదని శంకింపవలయును. తినగలిగినచో వెంటనే మేత పెట్టవలయును. లేనిచో తేనెగాని, గ్లూకోజుపొడి నీటిలో కలిపిన పాకముగాని వ్రేలితో చిగుళ్లకు పూయవలయును. మూర్ఛ వచ్చి కొట్టుకొనుచున్నప్పుడు నోటిలో ఏమియు పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోవును, వ్రేలిని కఱచును. పిమ్మట తేఱుకొనినట్లు కనబడినను వైద్యునకు చూపవలయును. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాలయు, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలయు గలవు గాని, అర్ధరాత్రి మా యూరినుండి అవి దూరము. కావున మా వంటింటి గూటిలో తేనెసీసా యొకటి ఎన్నడును కదలదు.

మేత విషయము. పిల్లి స్వభావముచే మాంసాహారి. దానికి అన్నము అక్కఱలేదు. పెరుగన్నమును పాలును మానివేయుట మంచిది. మాంసకృత్తులు హెచ్చుగను పిండిపదార్థము తక్కువగను ఉండు మేత ఈ వ్యాధిలో మేలు. ఉడికించిన కోడిమాంసము మాత్రమే నెలలతరబడి పెట్టినచో సున్నము మొదలగు ధాతువులు చాలవు. కావున పిల్లులకై సంపూర్ణముగా తయారగు తడిమేతయో, వైద్యుడు చెప్పిన మిశ్రమమో పెట్టవలయును. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరమాంసము విషప్రాయము. ఒక హెచ్చరిక: సూది ప్రారంభించిన తరువాత మేత మార్చినచో ఇన్సులిను అవసరము హఠాత్తుగా తగ్గవచ్చును. వైద్యునకు తెలుపక మేత మార్చుట, మందు పెంచినంత ప్రమాదము.

లావుగా నున్నదని పిల్లిని పస్తుంచుట ఇంకను ప్రమాదము. రెండు మూడు దినములు తినని బలిసిన పిల్లికి కాలేయమున క్రొవ్వు చేరి ప్రాణము మీదికి వచ్చును. ఇచ్చటనే మన గృహవైద్యము చిక్కు తెచ్చును. కాకరరసమని ఒకరు, నేరేడుగింజల పొడియని ఒకరు, మెంతులని ఒకరు మా యింటికి తెచ్చిరి. అందఱికిని నమస్కరించి తీసికొంటిని గాని పిల్లికి పెట్టలేదు. చేదు తగిలిన పళ్లెమును పిల్లి మఱల ముట్టదు. ముట్టనిచో సూది వేయుటెట్లు? నా భార్య మ్రింగు మాత్రలు దీనికేల కూడదని అడిగిన మిత్రునకు గూడ అదే సమాధానము: మనుష్యుల మాత్రలు మన యిష్టప్రకారము ఇయ్యరాదు. పిల్లులకై నోటిద్వారా ఇచ్చు క్రొత్త మందులు రెండు అమెరికా ప్రభుత్వము అంగీకరించినది: బెక్సాగ్లిఫ్లోజిన్ 2022లో, వెలాగ్లిఫ్లోజిన్ 2023లో. అవి అంతకుముందు ఇన్సులిను వాడని, మఱే జబ్బును లేని పిల్లులకు మాత్రమే. వానిని వాడునపుడు చక్కెర మామూలుగా కనబడుచునే కీటోనులు పెరుగు భయము గలదు గనుక అవి కూడ కనిపెట్టి చూడవలసిన మందులే.

ఇంటియందే చక్కెర చూచుకొనుట మేలు. ఆస్పత్రి భయము ఇంటిలో నుండదు గనుక అంకె నిజమునకు దగ్గఱగా నుండును. చెవిని వెచ్చని గుడ్డతో ఒత్తి, అంచుననున్న సన్నని నరముకడ సూదిమొనతో తాకి, నెత్తురుబొట్టు తీయవలయును. మనుష్యుల గ్లూకోమీటరు పిల్లి రక్తమున సామాన్యముగా తక్కువ అంకె చూపును. జంతువులకై చేసిన మీటరు వేఱుగా గలదు. ఏదైనను ఒక్కటే మీటరు వాడి, అంకె, వేళ, మేత, నీరు, తూకము ఒక పుస్తకమున వ్రాయవలయును. అంకె 60కి దిగినచో, పిల్లి బాగుగనే కనబడినను, మేత పెట్టి వైద్యుని పిలువవలయును. మనుష్యునివలె పిల్లికి అంకెలన్నియు సరిగా నుండవలెనను పట్టుదల వలదు. దాహము తగ్గి, తూకము నిలిచి, ఒడలు నాకి శుభ్రపఱచుకొనుచు, గోడ యెక్కుచున్నచో చికిత్స నడచుచున్నదనియే వైద్యులందురు.

పెండ్లికి పోవలసివచ్చిన మేమిద్దఱము ఒక్కసారి పోము. ఒకరుండవలయును, లేదా నేర్చిన పొరుగువారుండవలయును. ఆ మార్కెట్టుమాట చెప్పిన పొరుగాయనయే ఇప్పుడు సూది వేయ నేర్చినాడు. మా కంటె ఆయన చేతిలోనే పిల్లి కదలకుండ కూర్చుండును.

తొలిదినములలోనే సరిగా చికిత్స చేసి, మేత మార్చి, బరువు తగ్గించినచో కొన్ని పిల్లులకు కొన్ని నెలలలో ఇన్సులిను అవసరమే లేకుండపోవును. మనుష్యులలో సూదివఱకు వచ్చినవారికి ఇట్టి భాగ్యము అరుదు. మా పిల్లికి మందు సగము యూనిట్టునకు తగ్గినది; మానునా లేదా యన్నది రాబోవు పరీక్షలో తేలును. మానిన పిల్లులకును వ్యాధి మఱల రావచ్చును గనుక, సూది ఆగినను వారమునకొకసారి నీటిగిన్నె కొలుచుటయు, నెలకొకసారి తూకము వేయుటయు ఆపరాదు.