రాత్రి టీలో నానబెట్టి... పొద్దున కాల్చే ఐరిష్ చుక్కల రొట్టె

ఇంట్లో కేకు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఖర్చు, ఆ తర్వాత శ్రమ. వెన్న కావాలి, మూడు నాలుగు గుడ్లు కావాలి, వెన్నా పంచదారా కలిపి చేతులు లాగేదాకా గిలక్కొట్టాలి. ఇంత చేసినా పొంగుతుందో, పీటలా దిగుతుందో తీసేదాకా తెలీదు. ‘ఈ అవస్థ ఎందుకు, బేకరీ నుంచి తెప్పించుకుంటే పోలా!’ అనుకుంటాం.

అయితే చుక్క వెన్న పోయకుండా, ఒకే ఒక్క గుడ్డుతో, బీటరు జోలికి పోకుండా తయారయ్యే తియ్యని రొట్టె ఒకటుంది. మిగిలిన ముక్క మర్నాటికి ఎండిపోవడం మాట అటుంచి, ఇంకా మెత్తబడుతుంది. ఐర్లండు ఇల్లాళ్ళు తరతరాలుగా చేసుకుంటున్న దీని పేరు ‘టీ బ్రాక్’. బ్రాక్ అంటే ఐరిష్ భాషలో చుక్కలున్నది అని అర్థం. కోసిన ముక్కలో గోధుమరంగు మీద నల్లగా కిస్‌మిస్‌లు చుక్కల్లా కనబడతాయి కాబట్టి ఆ పేరు. పక్కనే ఉన్న వేల్సు దేశంలోనూ ఇలాంటి రొట్టే ఉంది. దాన్ని ‘బారా బ్రిత్’ అంటారు. దానర్థమూ చుక్కల రొట్టే!

ఈస్టు పోయి పౌడరు వచ్చె!

పాతకాలపు బ్రాక్‌ను ఈస్టుతో పులియబెట్టి చేసేవారు. దాన్ని ‘బార్మ్‌బ్రాక్’ అంటారు. పిండి పొంగడానికి గంటల తరబడి కాచుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండు వంటిళ్ళలోకి వంటసోడా వచ్చాక పని తేలికైంది. అక్కడ పండే మెత్తరకం గోధుమ ఈస్టు రొట్టెకు అంతగా పనికిరాదు కానీ, సోడాకూ మజ్జిగకూ చక్కగా లొంగుతుంది. మూడు కాళ్ళ ఇనప పాత్రలో పిండి పెట్టి, కింద నిప్పు, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చేవారు. మన పెద్దవాళ్ళు దిబ్బరొట్టె కాల్చిన పద్ధతే అనుకోండి.

ఇక బేకింగ్ పౌడర్ పుట్టుక వెనక ఓ భార్యాభర్తల కథ ఉంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డూ పడేది కాదు, ఈస్టూ పడేది కాదు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ తయారు చేశాడు. 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఈరోజు మన అలమరలో పక్కపక్కన ఉండే ఆ రెండు డబ్బాలూ ఓ ఇల్లాలి ఒంటికి పడని తిండి గురించి ఆలోచించడంలోంచి వచ్చినవేనన్నమాట!

రొట్టెలో ఉంగరం

అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండక్కి ఐర్లండులో బార్మ్‌బ్రాక్ ఉండి తీరాలి. పిండిలో ఓ ఉంగరం, ఓ నాణెం, ఓ గుడ్డపేలిక, ఓ పుల్ల, ఓ బఠాణీ గింజ దాచి కాల్చేవారు. ఉంగరం దొరికినవాళ్ళకు ఏడాదిలో పెళ్ళి. నాణెం వస్తే డబ్బు. పేలిక వస్తే దరిద్రం. పుల్ల వస్తే కాపురంలో కలతలు. బఠాణీ వస్తే ఈ ఏడు పెళ్ళి లేనట్టే. నవ్వులాటే అయినా, పెళ్ళికాని ఆడపిల్ల ఆ ముక్క అందుకునేటప్పుడు గుండె ఎలా కొట్టుకునేదో మనం ఊహించుకోగలం. జేమ్స్ జాయిస్ 1914లో వెలువరించిన ‘డబ్లినర్స్’ కథల సంపుటిలో ‘క్లే’ అనే కథ ఉంది. అందులో మారియా అనే వయసు మళ్ళిన అవివాహిత తన చేత్తో అందరికీ బార్మ్‌బ్రాక్ ముక్కలు కోసిపెడుతుంది. ఈసారి ఉంగరం నీకేనని తోటివాళ్ళు ఏటేటా ఆమెను ఆటపట్టిస్తారు. ఆమె నవ్వేస్తుంది. కానీ ఆ నవ్వు మాటున ఉన్న నిరాశ పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది.

మీరు సరదాకి ఏదైనా దాచాలనుకుంటే ఉంగరాల జోలికి పోకండి. పిల్లలు మింగేస్తారు, పళ్ళూ విరుగుతాయి. ఒక్క బాదం పప్పు దాచి, దొరికినవాళ్ళకు ఆరోజు అంట్ల పని మినహాయింపు అనండి, చాలు!

కావలసిన వస్తువులు

కిస్‌మిస్ (పచ్చవీ నల్లవీ కలిపి) – 350 గ్రాములు
పాలు, పంచదార లేని చిక్కటి టీ డికాక్షన్ – పావు లీటరు
బ్రౌన్ షుగర్ లేదా మెత్తటి బెల్లం పొడి – 125 గ్రాములు
మైదా – 225 గ్రాములు
బేకింగ్ పౌడర్ – రెండు టీస్పూన్లు (నిండుగా కాదు, చదునుగా)
గుడ్డు – ఒకటి
దాల్చినచెక్క, లవంగం, జాజికాయ కలిపి కొట్టిన పొడి – ఒక టీస్పూను
ఉప్పు – చిటికెడు

కిస్‌మిస్ తగ్గించి కొన్ని ఖర్జూరం ముక్కలు కలుపుకోవచ్చు. టూటీ ఫ్రూటీ మాత్రం వద్దు. అవి పంచదార పాకంలో ఊరిన బొప్పాయి ముక్కలు. టీని పీల్చుకుని ఉబ్బే గుణం వాటికి లేదు.

తయారుచేసే విధానం

రాత్రి పడుకోబోయే ముందు మూడు టీస్పూన్ల టీపొడి మీద మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలయ్యాక వడకట్టండి. కొలిచి చూసి పావు లీటరు ఉండేలా చూసుకోండి. కడిగిన కిస్‌మిస్, బ్రౌన్ షుగర్ ఓ గిన్నెలో వేసి, ఆ వేడి డికాక్షన్ పోసి కలిపి మూతపెట్టండి. ఎండాకాలమైతే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున కాసేపు ముందే బయటపెట్టుకోండి.

పొద్దున చూస్తే కిస్‌మిస్‌లు టీని చాలావరకు పీల్చుకుని బొద్దుగా ఉంటాయి. మిగిలిన టీని వంపెయ్యకండి, అదే మన పాలూ నీళ్ళూ! ముందు ఓవెన్‌ను 170 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర పెట్టి వేడెక్కనివ్వండి. టిన్నుకు నూనె రాసి బటర్ పేపర్ పరవండి. మైదా, బేకింగ్ పౌడర్, మసాలా పొడి, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. గుడ్డు గిలక్కొట్టి కిస్‌మిస్ గిన్నెలో కలపండి. ఆ తర్వాత మైదా వేసి, పొడి కనబడకుండా పోయేవరకు గరిటెతో తిప్పి ఆపెయ్యండి. పిండి ఇడ్లీ పిండి కంటే గట్టిగా, గారెల పిండి కంటే పలచగా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే ఒకటి రెండు చెంచాల టీ చల్లుకోండి.

వెంటనే టిన్నులో పోసి ఓవెన్‌లో పెట్టండి. గంట నుంచి గంటా పది నిమిషాలు పడుతుంది. నలభై నిమిషాలయ్యాక పైన ఎర్రబడుతుంటే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. సన్నని పుల్ల గుచ్చి చూడండి. కిస్‌మిస్‌కు తగిలితే తడిగానే వస్తుంది, కాబట్టి రెండు మూడు చోట్ల గుచ్చి చూశాకే పచ్చిగా ఉందో లేదో తేల్చుకోండి.

కీలకం ఇక్కడే ఉంది

350 గ్రాముల కిస్‌మిస్ అంటే తక్కువ ఖరీదేం కాదు. అది వృథా కాకుండా ఉండాలంటే ఒక్క మాట గుర్తుంచుకోండి: నానబెట్టడంలో నిదానం, కలపడంలో తొందర.

ఎండు కిస్‌మిస్‌ను అలాగే వేస్తే అది పిండిలోని తడిని లాగేసుకుంటుంది, రొట్టె పొడిపొడిగా తయారవుతుంది. అదే టీలో నానిందైతే తనలో తడిని దాచుకుని ఉంటుంది. కాల్చాక ఆ తడి మెల్లగా చుట్టూ ఉన్న రొట్టెకు అందుతుంది. వెన్న లేకపోయినా మెత్తదనం అక్కణ్ణుంచే వస్తుంది. మర్నాటికి ఇంకా రుచిగా ఉండడానికీ అదే కారణం. అందుకే వేడివేడిగా కొయ్యాలని ఆత్రపడకండి. పూర్తిగా చల్లార్చి, కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి, మర్నాడు కొయ్యండి.

ఇక కలపడం సంగతి. మైదాకు తడి తగిలాక ఎంత తిప్పితే అంత జిగురు పుడుతుంది. చపాతీకి ఆ జిగురు కావాలి, దీనికి అక్కర్లేదు. ఎక్కువ తిప్పితే రొట్టె రబ్బరులా సాగుతుంది. పైగా తడి తగలగానే బేకింగ్ పౌడర్ గ్యాసు వదలడం మొదలుపెడుతుంది. పిండి కలిపి ఫోను మాట్లాడి వచ్చేలోగా ఆ బలం కాస్తా పోతుంది!

బేకింగ్ పౌడర్ లేదని అంతే కొలత వంటసోడా వెయ్యకండి. సోడా పనిచెయ్యడానికి పులుపు కావాలి. చాలినంత పులుపు లేకుండా సోడా ఎక్కువైతే సబ్బు వాసన కొడుతుంది.

గుడ్డు తినని ఇళ్ళలో

గుడ్డు బదులు నాలుగు టేబుల్ స్పూన్ల గట్టి పెరుగు, పావు టీస్పూను వంటసోడా వాడండి. పెరుగును కిస్‌మిస్‌లోనూ, సోడాను మైదాతోపాటూ కలపండి. రంగు కాస్త ముదురుతుంది, రుచికేం లోటుండదు.

ఓవెన్ లేకపోతే

పాత కుక్కరు వాడుకోవచ్చు. గాస్కెట్, వెయిటు తీసెయ్యండి. అడుగున ఉప్పు మందంగా పరిచి, దానిమీద స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచెయ్యండి. నీళ్ళు పొయ్యకూడదు. గుండ్రటి టిన్నులో పిండి పోసి లోపల పెట్టి, సన్నని మంట మీద ఉంచండి. గంట దాటాక పుల్ల గుచ్చి చూడండి. నిజానికి బార్మ్‌బ్రాక్ కూడా గుండ్రంగానే ఉండేది!

ఒక హెచ్చరిక. వెన్న లేదు కదా అని ఎంతైనా తినొచ్చనుకోకండి. కిస్‌మిస్‌లోనూ బ్రౌన్ షుగర్‌లోనూ తీపి బాగానే ఉంది. షుగరు ఉన్నవాళ్ళు బెల్లంతో చేశాం కదా అని ధీమాగా ఉండకూడదు, బెల్లమూ చక్కెర కిందే లెక్క. నెలల పిల్లలకు కిస్‌మిస్ గొంతులో అడ్డుపడుతుంది, పెట్టకండి.

డబ్బాలో మూడు నాలుగు రోజులు, వేసవిలోనైతే ఫ్రిజ్‌లో వారం దాకా బాగుంటుంది. అర అంగుళం మందాన ముక్క కోసి, ఇష్టమైతే కాస్త వెన్న రాసుకుని, వేడి టీతో తినండి. శుక్రవారం రాత్రి నానబెట్టి శనివారం కాల్చారంటే, ఆదివారం చుట్టాలొచ్చే వేళకు రొట్టె సరిగ్గా పదునుకొచ్చి ఉంటుంది.