పది సెకన్ల శ్రుతి

రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చిందంటే నాకిక తెల్లారినట్టే. చలికాలం లెక్కన న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్ ఊళ్లో మేముండే రిక్కార్టన్‌లో రెండున్నర అంటే కాకినాడలో రాత్రి ఎనిమిది. ‘ఒంటికి ఇంకా మన ఊరి టైమే అలవాటు’ అని నేను. ‘మూడేళ్లయింది, ఇంకా ఆ వంకేనా? వయసండీ’ అని మా ఆవిడ. ఈ వాదన తేలకముందే మా మనవరాలు తన హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకి తగిలించింది. దగ్గర్లోనే ఇలాంలో, కాంటర్‌బరీ యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. పరీక్షలప్పుడు ఇవే పెట్టుకుని కూర్చుంటుంది.

“తాతయ్యా, కళ్లు మూసుకుని విను. డెల్టా ఫ్రీక్వెన్సీ. పది నిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది.”

విన్నాను. సన్నటి మోత, కెరటంలా లేస్తూ పడుతూ ఉంది. నిద్ర పట్టలేదు సరికదా, ఉన్న మత్తు కాస్తా ఎగిరిపోయింది. ఎందుకంటే ఆ మోత నాకు ముప్పై ఏళ్ల పరిచయం.

కాకినాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఏటా ఒకరోజు రెండు శ్రుతిదండాలు తీసుకుని, ఒకదాని కొమ్ముకి కాస్త మైనం అద్దేవాణ్ణి. మైనం బరువుకి దాని ఊపు మందగిస్తుంది. సెకనుకి 256 సార్లు కంపించేది 253కి దిగిందనుకోండి. రెండింటినీ రబ్బరు దిమ్మ మీద కొట్టి పక్కపక్కన పెడితే శబ్దం సెకనుకి మూడుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ వినిపిస్తుంది. తెలుగు మీడియం పుస్తకంలో వీటి పేరు విస్పందనాలు. వెనక బెంచీ కుర్రాళ్లకి ఆ మాట పలకడానికి నోరు తిరిగేది కాదు గానీ, మోత వినగానే అందరి నోళ్లూ మూతపడేవి.

హెడ్‌ఫోన్లలో విన్నదీ విస్పందనమే అనుకున్నాను. కానీ ఒక చెవిది తీసి చూస్తే మోత లేచిపడడం ఆగిపోయింది. సాఫీగా ఒకే శ్రుతి. రెండోది తీసి మొదటిది పెట్టినా అంతే. అంటే ఆ కెరటం గాలిలో లేదు! మా లాబ్‌లో రెండు శబ్దాలూ గాలిలో కలిసేవి. ఇక్కడ ఎడమ చెవికి 200 హెర్ట్జ్, కుడి చెవికి 204 హెర్ట్జ్ అనుకుంటే, ఆ రెండూ కలిసేది తల లోపలే. రెండు చెవుల కబుర్లూ మెదడు కాండంలో ఒకచోట కలుస్తాయి. దోమ ఏ చెవి దగ్గర మోగుతోందో మనకి చప్పున తెలిసేది ఆ చోటు పుణ్యమే. కొద్ది తేడా ఉన్న రెండు శ్రుతులు చేరేసరికి అది సెకనుకి నాలుగుసార్లు ఊగే ఒకే ధ్వనిని కల్పించుకుంటుంది. దీన్నే బైనారల్ బీట్స్ అంటున్నారు. హెడ్‌ఫోన్లు లేకుండా ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని వింటున్నవాళ్లు వినేది మా పాత మైనం ప్రయోగమే, ఇది కాదు.

కొత్త సంగతేమీ కాదిది. హైన్రిష్ డోవ్ అనే ప్రష్యన్ భౌతిక శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదటి సగంలోనే కనిపెట్టాడు. తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973లో జెరాల్డ్ ఓస్టర్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో వ్యాసం రాశాక మళ్లీ కదలిక వచ్చింది. ఈలోగా జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి నెత్తి మీద తీగలు పెట్టి మెదడు విద్యుత్ అలలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. గాఢనిద్రలో సెకనుకి నాలుగు కన్నా తక్కువ అలలు, అది డెల్టా. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే ఎనిమిది నుంచి పదమూడు, అది ఆల్ఫా. ఈ రెండు సంగతులనీ ముడేశారు: చెవిలో సెకనుకి నాలుగు లోపు ఊపులు వినిపిస్తే మెదడూ ఆ తాళానికి చేరి నిద్రలోకి జారుతుందని ఆశ.

ఆశ బాగానే ఉంది. మెదడు నిజంగా తాళానికి చేరుతుందా? 2023లో కొందరు పరిశోధకులు, మెదడు అలలను కొలిచి చూసిన 14 అధ్యయనాలను ఒకచోట పేర్చారు. చేరుతుందన్నవి 5, చేరడం లేదన్నవి 8, అటూ ఇటూ కానిది 1. నా క్లాసులో ఇలాంటి రీడింగులు వస్తే ‘మళ్లీ చేసుకురా’ అని పంపేవాణ్ణి. మనసు కుదుటపడే విషయంలో మాత్రం కొంత అనుకూలమైన రుజువుంది. 2005లో ‘అనస్థీషియా’ పత్రికలో వచ్చిన ప్రయోగంలో, ఆపరేషన్‌కి ముందు 108 మంది మీద చూస్తే, బైనారల్ బీట్స్ విన్నవాళ్ల ఆందోళన నాలుగో వంతు పైగా తగ్గింది. ఆ బీట్స్ లేని శబ్దం విన్నవాళ్లకి తగ్గింది పదకొండు శాతమే. కాబట్టి అంతా బూటకం అనను. అయిదు నిమిషాల్లో నిద్ర, పదిహేను నిమిషాల్లో జ్ఞాపకశక్తి అంటూ అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మను.

432 హెర్ట్జ్ సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. సంగీతాన్ని 440కి కాక 432కి శ్రుతి చేస్తే విశ్వంతో లయ కుదురుతుందని ఒక ప్రచారం. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు అని. సెకనంటే రోజుని మనిషి తన వీలుకొద్దీ ముక్కలు చేసుకున్న కొలత. ఆ ముక్క ఇంకాస్త పొడుగ్గా కోసి ఉంటే ఆ 432 ఇంకో అంకె అయ్యేది. పైగా మన గాయకులు ఒకరు ఒకటో శ్రుతిలో పాడతారు, ఒకరు అయిదున్నరలో పాడతారు. ఎవరి గొంతుకి ఒదిగిన చోట వారి షడ్జం. త్యాగరాజస్వామికి హెర్ట్జ్ లెక్క తెలియదు, ఆయనకేం లోటు రాలేదు.

హెడ్‌ఫోన్లు తిరిగి ఇచ్చేశాను. మనవరాలు మూతి ముడుచుకుంది. నిద్ర మాత్రం రాలేదు. ఆపైన బీపీ చూపించుకుంటే 150కి 90. మాత్ర రాసిచ్చిన డాక్టరుగారు, “రోజూ పది నిమిషాలు నిమిషానికి ఆరుసార్లే ఊపిరి తీసి చూడండి” అన్నారు. మాత్రకి బిల్లుంది, ఈ సలహాకి లేదు. అందుకేనేమో మొదట దాన్ని తేలిగ్గా తీసుకున్నాను.

మా ఇంటికి పావుగంట నడక దూరంలో రిక్కార్టన్ బుష్ ఉంది. 1843లో ఇక్కడ స్థిరపడిన డీన్స్ సోదరులు నరకకుండా మిగిల్చిన అడవి ముక్క. 1914లో ఆ కుటుంబం దాన్ని కాంటర్‌బరీ ప్రజలకి ఇచ్చేసింది. వందల ఏళ్ల కహికటియా చెట్లు, చుట్టూ ఎలుకలూ పిల్లులూ దూరకుండా కంచె. మావోరీ పేరు పూటారింగమోటు. ఆ మాటకి రెండర్థాలు చెబుతారు: ప్రతిధ్వని పలికే చోటు అని, తెగిన చెవి అని. అడవంతా కాలిపోగా ఒంటరిగా మిగిలిన ముక్క కాబట్టి తెగిన చెవి. ఇక్కడ ఒకచోట నేలకి చెవి ఆనించి, దూరాన బాటల మీద నడిచొచ్చే మనుషుల అడుగుల చప్పుడు పసిగట్టేవారని కూడా ఒక నమ్మకం. చెవుల గొడవలో ఉన్న నేను చెవి పేరున్న అడవిలోనే బెంచీ మీద కూర్చుని, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మామూలుగా కూర్చుంటే నిమిషానికి పదహారు. ఆరుకి దించడం మొదటిరోజు నా వల్ల కాలేదు. నీళ్లలో మునిగినవాడిలా గుటకలు వేశాను. బలవంతాన గుండెలనిండా పీలిస్తే తల తిరిగింది. తప్పు ఎక్కడో వారం తర్వాత తెలిసింది. నెమ్మదిగా అంటే బరువుగా అని కాదు. మామూలంత గాలే, నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి. ఎక్కువ ఎక్కువ పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి తగ్గిపోయి తల తిరుగుతుంది.

నిమిషానికి ఆరు అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి అప్పర్ రిక్కార్టన్ లైబ్రరీ కంప్యూటర్ ముందు రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. మెడలో కెరోటిడ్ ధమని దగ్గర, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని దగ్గర రక్తపోటును కనిపెట్టుకుని ఉండే నాడీకొనలున్నాయి. పోటు పెరిగితే మెదడుకి కబురు పెడతాయి. మెదడు వేగస్ నాడి ద్వారా గుండెని ‘మెల్లగా’ అంటుంది. తగ్గితే ‘వేగం పెంచు’ అంటుంది. ఈ కబురు వెళ్లి ఫలితం కనబడేసరికి సుమారు అయిదు సెకన్లు. అటు అయిదు, ఇటు అయిదు. అందుకే మన రక్తపోటు పది సెకన్లకోసారి చిన్నగా లేచి పడుతూ ఉంటుంది. 1876లోనే సీగ్మండ్ మేయర్ ఇలాంటి అలలను వర్ణించాడు. ఊపిరికీ గుండెకీ వేరే ముడి ఒకటుంది. లోపలికి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. మణికట్టు నాడి పట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఊపిరిని కూడా పది సెకన్లకి ఒకటిగా సర్దామనుకోండి. ఉయ్యాల వెనక్కొచ్చిన క్షణంలోనే తోసినట్టు అవుతుంది. చిన్న తోపుకే పెద్ద ఊపు. మేము నీళ్లు పోసిన గొట్టం మీద శ్రుతిదండం పట్టుకుని పిల్లలకి చూపించినదే, అనునాదం! గుండె లయ ఊగే వెడల్పు పెరుగుతుంది, రక్తపోటును సర్దే ఆ యంత్రాంగం చురుకవుతుంది. మనిషి చెవి 20 హెర్ట్జ్ కిందకి వినలేదు. పది సెకన్లకి ఒకటంటే 0.1 హెర్ట్జ్. ఏ హెడ్‌ఫోనూ ఊదలేని శ్రుతి అది. ఒంటి మీద గట్టి రుజువున్న ఫ్రీక్వెన్సీ మాత్రం నాకు అదొక్కటే కనబడింది.

ఈ విషయంలో నన్ను కుర్చీలోంచి లేపిన పరిశోధన ఇటలీలోని పావియా నుంచి వచ్చింది. లూచియానో బెర్నార్డి బృందం 23 మందితో లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పించారు, ‘ఓం మణి పద్మే’ జపమూ చేయించారు. రెండింట్లోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి దిగింది. రక్తపోటు ఒక మిల్లీమీటరు మారితే గుండె తన లయను సర్దుకునే తీరు 9.5 మిల్లీసెకన్ల నుంచి 11.5కి పెరిగింది. 2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది.

ఆ సాయంత్రం మా ఆవిడ విష్ణు సహస్రనామం చదువుతుంటే పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. అనుష్టుప్పు శ్లోకానికి 32 అక్షరాలు. ఆవిడ 16 అక్షరాలకోసారి ఊపిరి తీసుకుంటుంది. నిమిషానికి ఏడెనిమిది! మాట పలుకుతున్నంతసేపూ గాలి బయటికి పోవడమే, పీల్చేది రెప్పపాటు.

“ఏం లెక్కపెడుతున్నారు?”

“నీ ఊపిరి.”

“లెక్కపెట్టేదేదో నామాలు లెక్కపెట్టండి, పుణ్యమైనా వస్తుంది.”

ఊపిరి వదులుతూ ‘మ్‌’ అని ముక్కుతో గుంయ్‌మనిపించే భ్రామరి ప్రాణాయామానికి కూడా కొంత ఆధారం ఉంది. 2002లో స్వీడన్‌కి చెందిన వైట్జ్‌బర్గ్, లుండ్‌బర్గ్ కొలిచి చూస్తే, ఊరికే వదిలే గాలిలో కన్నా కూనిరాగం తీస్తూ వదిలే గాలిలో ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ 15 రెట్లు ఉంది. ముక్కు పక్కనుండే సైనస్ గదులకి గాలి ఆడడమే కారణం. ఇది గుండెజబ్బుకి మందని కొందరు సాగదీస్తున్నారు. ఆ పరిశోధన అంతదూరం వెళ్లలేదు. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు 2011లో ఓంకారం చేసేవారి మెదడుని స్కాన్ చేసి, భయాందోళనలతో ముడిపడ్డ భాగాల్లో చురుకు తగ్గినట్టు చూపించారు. ‘స్‌స్‌’ అని గాలి వదిలితే ఆ మార్పు రాలేదట.

ఊపిరికీ బెదురుకీ మెదడులోనే దారి ఉందని 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఎలుకల్లో చూపించారు. ఊపిరి తాళం వేసే కణాల గుంపు మెదడు కాండంలో ఉంది. దాని పేరు ప్రీబోట్జింగర్. జర్మనీలో ఒక సమావేశం బల్ల మీదున్న వైన్ సీసా పేరే పక్క భాగానికి పెడితే, దీనికి ఈ పేరొచ్చింది! ఆ గుంపులోని కొన్ని కణాలు మెదడుని మేలుకొలిపే కేంద్రానికి కబుర్లు పంపుతాయి. వాటిని తీసేస్తే ఎలుకలు ప్రశాంతంగా, నెమ్మదిగా ఊపిరి తీస్తూ కూర్చున్నాయి.

ఈ దేశంలో మావోరీల పలకరింపే ఊపిరితో. మనవరాలి యూనివర్సిటీలో స్వాగత సభకి వెళ్తే ఒక మావోరీ పెద్దాయన నా నుదుటికి నుదురు, ముక్కుకి ముక్కు ఆనించాడు. దాన్ని హోంగీ అంటారు, ప్రాణవాయువును పంచుకోవడం. ఆయన ఊపిరి నాదానికంటే చాలా నెమ్మది, అది మాత్రం గమనించాను.

ఈ ఊరికి భయం కొత్త కాదు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి వచ్చిన భూకంపంలో 185 మంది పోయారు. మా పక్కింటావిడకి ఇప్పటికీ పెద్ద లారీ వెళ్తే గుండె దడ. 2019 మార్చి 15న, రిక్కార్టన్ అంచునే ఉన్న డీన్స్ అవెన్యూ మసీదులోనూ ఇంకో మసీదులోనూ జరిగిన కాల్పుల్లో 51 మంది చనిపోయారు. హైదరాబాదు, కరీంనగర్‌ల నుంచి వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. అంత దుఃఖానికి ఊపిరి మందు అని నేననను, అన్నవాణ్ణి నమ్మను. ఈమధ్య ఒక రాత్రి భూమి కంపించి మంచం కదిలినప్పుడు మాత్రం నాకు అదే అక్కరకొచ్చింది. నాలుగు లోపలికి, ఆరు బయటికి. పదిసార్లకి చేతుల వణుకు ఆగింది.

ఆరు వారాలు బీపీ రాసుకున్నాను. మొదట్లో పొద్దుటిపూట 148, 150 చూపించేది ఇప్పుడు 140 దగ్గర తిరుగుతోంది. ఇందులో మాత్ర వాటా ఎంత, ఊపిరి వాటా ఎంత, బుష్ దాకా నడక వాటా ఎంత, ఆవకాయ తగ్గించిన వాటా ఎంత అంటే విడదీయలేను. ఇలాంటి రికార్డు తెచ్చిన పిల్లాడికి నేనైతే మార్కులు వేయను. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో, పరికరం సాయంతో ఊపిరిని నెమ్మదించడం మిగతా చికిత్సకి తోడుగా వాడుకోవచ్చంది. తోడుగా అంది, బదులుగా అనలేదు. రెండున్నరకి ఇప్పటికీ మెలకువ వస్తుంది. కాకపోతే మూడింటికల్లా మళ్లీ కన్నంటుకుంటోంది.

మీరూ చేసి చూడదలిస్తే గోడ గడియారం చాలు, నెలనెలా డబ్బు కట్టించుకునే ఆప్ అక్కర్లేదు. తల తిరిగితే ఆపండి. ఉబ్బసం, మూర్ఛ ఉంటే ముందు డాక్టర్ని అడగండి. హెడ్‌ఫోన్లలో నిద్ర శబ్దాలు పెట్టుకుని బండి నడపకండి. నా బీపీ మాత్ర రాత్రి తొమ్మిదికి వేసుకుంటూనే ఉన్నాను. మీ డాక్టరుగారు చెప్పేదాకా మీరూ మానకండి.