కూలరు, హీటరు: పురుగులు రాకముందే పరీక్షించుకోండి



పట్టుపురుగుకు తన ఒంటి వేడిని తానే నిలుపుకొనే శక్తి లేదు. గది ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళూ అంతే వేడెక్కుతుంది. అందువల్లనే కోలారు, చిక్కబళ్ళాపురం, కృష్ణగిరి ప్రాంతాలలో బైవోల్టిన్ పంట తీసే రైతులు వేసవికి కూలరు, చలికాలానికి హీటరు అమర్చుకొంటున్నారు.

పురుగు తన జీవితకాలంలో తినే ఆకులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఐదవ దశలోనే తింటుంది. ఆ వారంలో కూలరు ఆగిపోతే అంతవరకు పెట్టిన ఆకు, కూలి, కష్టం అన్నీ ప్రమాదంలో పడతాయి. రాత్రివేళ మెకానిక్కు దొరకడు. కాబట్టి చాకీ పురుగులు ఇంటికి రావడానికి వారం రోజుల ముందే అన్నీ ఒకసారి నడిపి చూసుకోవాలి.

ఎంత వేడి, ఎంత తేమ?

మూడవ దశలో 26 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, 80 శాతం తేమ. నాలుగవ దశలో 25 డిగ్రీలు, 75 శాతం. ఐదవ దశలో 24 డిగ్రీలు, 70 శాతం ఉండాలి. జ్వరానికి కూర్చున్నపుడు గది కాస్త పొడిగా ఉంచాలి.

ముందు థర్మామీటరు

తడి బల్బుకు చుట్టిన వత్తి ఉప్పు పట్టి గట్టిపడితే నీరు పీల్చదు. అప్పుడు లేని తేమను ఉన్నట్లు చూపిస్తుంది. ప్రతి పంటకూ కొత్త నూలు వత్తి వేసి, కాచి చల్లార్చిన నీరు పోయాలి. వత్తి తీసి బల్బు తుడిచి చూస్తే రెండు బల్బులూ ఒకే అంకె చూపాలి. థర్మామీటరును పురుగుల పడక ఎత్తులో కట్టాలి. హీటరుకు ఎదురుగా కట్టరాదు.

కూలరు

కూలరులో నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కొంటుంది. బయటి గాలి పొడిగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఎదుటివైపు కిటికీ తెరిచి ఉంచకపోతే తేమ లోపలే నిలిచి సున్నపుకట్టు రోగానికి దారి తీస్తుంది. వానాకాలంలోను, పురుగులు చంద్రికలమీద గూడు కట్టేటపుడు పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపాలి.

మన బోరునీటిలో ఉప్పు ఎక్కువ. అది గడ్డి ప్యాడ్లకు, పైనున్న నీటి రంధ్రాలకు పట్టుకొంటుంది. నీరు దిగని చోటునుండి వేడిగాలి నేరుగా లోపలికి వస్తుంది. రంధ్రాలను సన్నని పుల్లతో పొడిచి శుభ్రం చేయాలి. నల్లబడిన, బూజు పట్టిన ప్యాడ్లను మార్చాలి. ఆ బూజు పురుగులకు రోగం తెస్తుంది. పంట నడిచే రోజుల్లో వారానికొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, రుద్ది కడగాలి. పంట అయిన తర్వాత బ్లీచింగు నీటితో కడిగి, వాసన పోయేవరకు మంచినీటితో తొలిచి, ఎండబెట్టాలి.

మరొక ముఖ్య విషయం. కూలరు బయటి గాలిని లోపలికి లాగుతుంది. పక్కనే టమాటా తోట ఉండి అక్కడ పురుగుమందు కొడుతుంటే ఆ మందు గాలి సరాసరి మీ పురుగులమీదికే వస్తుంది. తోటవాళ్ళతో ముందే మాట్లాడుకొని, మందు కొట్టే రోజు కూలరు ఆపి, ఆ వైపు కిటికీలు మూయండి. మందు కలిపిన డ్రమ్ములో నీటిని కూలరులో ఎన్నడూ పోయరాదు.

హీటరు

రెండు కిలోవాట్ల హీటరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకొంటుంది. దానికి 15 ఆంపియర్ల ప్లగ్గు, తగిన మందం గల వైరు, ఎర్తింగు తప్పనిసరి. ప్లగ్గు వేడెక్కినా, నల్లబడినా వెంటనే మార్చాలి. తీగచుట్టపై దుమ్మును కరెంటు తీసి, పొడి బ్రష్షుతో దులపాలి. హీటరు వేస్తే గాలి పొడిబారి ఆకు వాడిపోతుంది. కాబట్టి తడి గోనెపట్టాలు కట్టాలి, కాని హీటరుకు దూరంగా.

బొగ్గుల కుంపటి వాడేవారు బయటనే రాజేసి, పొగ పోయిన తర్వాతే లోపలికి తేవాలి. పొగ లేకపోయినా నిప్పునుండి కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. మూసిన గదిలో అది మనిషి ప్రాణం తీయగలదు. వెంటిలేటర్లు తెరిచి ఉంచండి. కుంపటి ఉన్న గదిలో ఎవరూ పడుకోరాదు.

మందు చల్లేటపుడు

గదికి రోగనాశక మందు చల్లే ముందు మెయిన్ స్విచ్చి ఆపండి. హీటరును, ఫ్యాను మోటారును ప్లాస్టిక్ కాగితంతో కప్పండి. వీటిపై మందు చల్లరాదు. తుప్పు పడుతుంది, షాకు కొడుతుంది. మందులో ముంచి పిండిన గుడ్డతో పైభాగం తుడిచి, ఆరిన తర్వాతే కరెంటు ఇవ్వండి. తడి చేతులతో ఆకు వేసే ఆడవాళ్ళు కూలరు ముట్టుకొంటూనే ఉంటారు. వారి క్షేమం కోసమైనా ఈఎల్‌సీబీ ఒకటి పెట్టించండి.

కరెంటు పోయిన రాత్రికి తడి గోనెపట్టాలు, తెరిచిన కిటికీలే మీకు దిక్కు. పట్టాలు, నీళ్ళు సిద్ధంగా ఉంచుకోండి. సందేహాలుంటే మీ సమీపంలోని పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రం వారిని కలవండి.